పాత డీజిల్ బండి కొనబోతున్నారా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత డీజిల్ బండి కొని చూడు అన్న మాట కూడా ఈ రోజుల్లో చేర్చవచ్చు. ఇంటిల్లిపాదీ పట్టే ఎత్తైన ఎస్.యు.వి. సగం ధరకే వస్తున్నదంటే ఎవరికి ఆశ పుట్టదు?

బండి చూడటానికి తెల్లవారుజామునే వెళ్ళండి. ఇంజను చల్లగా ఉండాలి. అమ్మేవారు ముందే వేడెక్కించి ఉంచితే, ఎందుకో అడగండి. తరువాత పొగ చూడండి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదన్న మాట. నల్లపొగ ఆగకుండా వస్తే గాలి చాలడం లేదు, లేదా ఇంజెక్టర్లు చెడ్డాయి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ పోకపోతే, రేడియేటరు నీరు సిలిండరులోకి దిగుతున్నదేమోనని అనుమానించాలి.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వచ్చిన బి.ఎస్.6 డీజిల్ బండ్లకు డి.పి.ఎఫ్. అనే మసిజల్లెడ ఉంటుంది. రోడ్డుమీద కొంతసేపు వేగంగా పోతేగాని అందులోని మసి కాలదు. బడికీ బజారుకూ మాత్రమే తిరిగిన బండిలో అది పూడుకుపోతుంది. కనుక తక్కువ కిలోమీటర్లు తిరిగిందని మురిసిపోకండి! పైగా, మీటరును వెనక్కి తిప్పే ఘనులూ ఉన్నారు. సర్వీసు కాగితాలు చూడండి. పెడలు రబ్బరు అరుగుదల చూడండి. ఆర్.సి.లో బ్యాంకు అప్పు మిగిలి ఉన్నదేమో విచారించండి.

తెలిసిన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళండి. అతడు వద్దంటే, రంగు ఎంత నిగనిగలాడినా తిరిగి వచ్చేయండి. బండి మరొకటి దొరుకుతుంది. పిల్ల చదువుకని దాచిన డబ్బు మళ్ళీ దొరకదు సుమా!