పని వెదకుటకును పద్ధతి కలదు

అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దల మాట. ఉద్యోగమునకై ఎదురుచూచు సోదరీమణులు పలువురు ఈ మాట మఱచుచున్నారు. బిడ్డలు బడికి పోవుచున్నారు, ఇక నెవరైన పిలిచి పని యిచ్చిన బాగుండునని తలంచుచుందురు.

పిలిచి యిచ్చు పని యెట్టిదో పాలమూరు సీమవారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు. మేస్త్రీ యింటికి వచ్చి ముందుగా సొమ్ము చేతిలో పెట్టెడివాడు. ఆలుమగలు పిల్లలతో దూరదేశములకు పోయి, ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసి ఆ బాకీ తీర్చెడివారు. ఎచట పని, ఎంత కూలి, తిరిగివచ్చుట యెన్నడు అనునవి మేస్త్రీ నిర్ణయములే. అప్పునకు బదులు వెట్టి చేయించుటను 1976 నాటి శాసనము నిషేధించినది. పని మనలను వెదకి వచ్చినప్పుడు షరతులు దానివి. మనము వెదకికొన్నప్పుడు కొంతవఱకైనను మనవి. కావున వెదకు పద్ధతిని గూర్చి కొంత విన్నవించుచున్నాము.

మొదట మూడు సంగతులు కాగితముపై వ్రాసికొనవలెను: వచ్చిన విద్య, ఇల్లు విడిచి యుండగల గంటలు, పోయి రాగల దూరము. 2023 డిసెంబరు 9 మొదలుకొని మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేని ప్రయాణము ఏర్పడినది. జడ్చర్ల చెంత పోలేపల్లి మందుల కర్మాగారములకైనను, చౌటుప్పల్‌కైనను దూరమును రూకలతో గాక గంటలతో లెక్కింపవలెను.

రెండవది కాగితములు. మనవారు ఎక్కువగా నష్టపోవుట ఇచ్చటనే. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి జిల్లా, జోను స్థాయి ప్రభుత్వోద్యోగములలో నూటికి 95 స్థానికులవి. ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వఱకు ఎక్కువ సంవత్సరములు ఎచట చదివితిమో అచటనే మనము స్థానికులము. మెట్టినయింటి ఊరు లెక్కకు రాదు. దేవరకొండలో చదివి కల్వకుర్తిలో కాపురమున్న సోదరి నల్లగొండ జిల్లాకు, యాదాద్రి జోనుకు స్థానికురాలు. కల్వకుర్తి గల నాగర్‌కర్నూలు జిల్లా జోగులాంబ జోనులోనిది. అచట నామె మిగిలిన అయిదింటికే పోటీపడవలెను. అంగన్వాడీ పనికి మాత్రము ప్రస్తుతపు గ్రామ నివాసమును చూతురు.

కావున పుట్టింటికి పోయినపుడు, బడి తెఱచియున్న దినము చూచుకొని, ఆ ఏడు తరగతుల చదువునకు బోనఫైడు పత్రము తెచ్చుకొనవలెను. ప్రకటన వెలువడిన పిదప పరుగెత్తిన గడువు దాటిపోవును. మార్కుల పత్రమున పుట్టింటి పేరు, ఆధారులో అత్తింటి పేరు ఉన్నచో ముందే సరిచేయించుకొనుట మేలు.

మూడవది తలుపు తట్టుట. పబ్లిక్ సర్వీస్ కమిషనులో ఒక్కమాఱు పేరు నమోదు చేసికొనవలెను. జిల్లా ఉపాధి కార్యాలయమునందును వ్రాయించుకొనవలెను. అంతటితో చేతులు ముడిచి కూర్చుండరాదు. చేరువనున్న బడులకు, ఆసుపత్రులకు, కర్మాగారములకు ప్రకటనకు పూర్వమే స్వయముగా పోయి దరఖాస్తు ఇచ్చి రావలెను. పాలపద్దు వ్రాయునట్లే ఒక పుస్తకమున తేదీ, కలిసినవారి పేరు, వారు చెప్పిన మాట, మరల పోవలసిన దినము వ్రాయవలెను. మొదటి దినము లేదన్నవారే రెండవ నెలలో రమ్మనవచ్చును.

ఇక నొక హెచ్చరిక. పరీక్షకు కమిషను కోరు రుసుము వేఱు, ఉద్యోగ మిప్పింతుమని దళారి యడుగు సొమ్ము వేఱు. నాటి మేస్త్రీ సొమ్మిచ్చి కట్టివేసినాడు; నేటి దళారి సొమ్ము పుచ్చుకొని మాయమగును. వానికి నగలు తాకట్టుపెట్టి ఇచ్చుటకంటె ఊరకుండుట మేలు.

ఇంటి పద్దును దిద్దుకొను నేర్పు మన కున్నది. ఆ నేర్పునే ఈ పనికిని వినియోగింపవలెనని మా మనవి. పుస్తకమున మొదటి పుట నేటి సాయంకాలమే వ్రాయుడు.