శ్రీలంకకు ఓడ ప్రయాణం

భారతదేశం నుండి శ్రీలంకకు ఓడ ప్రయాణం ప్రధానంగా పాక్ జలసంధి మీదుగా సాగుతుంది. విమానయానం వ్యాపించక మునుపు దక్షిణ భారతీయులు ఆ ద్వీప దేశానికి ఎక్కువగా ఈ విధంగానే వెళ్ళేవారు. దూరం స్వల్పమే అయినను తుఫాను, యుద్ధం, ఋతుపవనాల మూలంగా ఈ మార్గం పలుమార్లు మూతపడింది.

బోట్ మెయిల్

1914లో పాంబన్ వంతెన ప్రారంభమైన తరువాత మద్రాసు ఎగ్మూరు నుండి కొలంబో వరకు ఒకే టికెట్టుపై ప్రయాణించే వీలు కలిగింది. ధనుష్కోటి వరకు మీటర్ గేజి రైలు, అక్కడి నుండి తలైమన్నారు వరకు సుమారు 35 కి.మీ. ఆవిరి ఓడ, ఆపైన కొలంబో వరకు బ్రాడ్ గేజి రైలు ఉండేవి. ఓడను అందుకొనే రైలు కనుక దీనికి బోట్ మెయిల్ అను పేరు వచ్చింది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తి కావడంతో, ఆ మార్గంలోనే ఉన్న రామగుండం ప్రాంతానికి కూడా మద్రాసు మీదుగా ఈ దారి అందుబాటులోకి వచ్చింది.

అయితే ఈ ప్రయాణం అందరికీ ఒకే తీరుగా ఉండేది కాదు. తేయాకు తోటలలో పనికి వెళ్ళే కూలీలను మండపం వద్ద సింహళ ప్రభుత్వం నడిపిన శిబిరంలో అంటువ్యాధుల భయంతో కొన్ని రోజులు నిలిపి ఉంచి, ఆ తరువాతనే ఓడ ఎక్కించేవారు.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానులో ధనుష్కోటి పట్టణం నాశనమైంది. పాంబన్ నుండి వస్తున్న ప్యాసింజరు రైలును అలలు ముంచెత్తగా వందమందికి పైగా మరణించారు. దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ.శ్రీధరన్ పర్యవేక్షణలో 46 రోజులలో బాగుచేశారు గాని, ధనుష్కోటి మాత్రం తిరిగి పట్టణం కాలేదు. ఓడలు రామేశ్వరం నుండి నడిచాయి. 1983లో శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలైన తరువాత ఆ దశాబ్దంలోనే అవి కూడా నిలిచిపోయాయి.

పునఃప్రారంభం

యుద్ధం 2009లో ముగిసింది. 2011 జూన్‌లో తూత్తుకుడి - కొలంబో మధ్య మొదలైన ఓడ ఆరు నెలలైనా తిరగకముందే ఆగిపోయింది. 2023 అక్టోబరు 14న నాగపట్టణం నుండి జాఫ్నా ద్వీపకల్పంలోని కాంకేసంతురై రేవుకు 'చెరియపాణి' అను ఓడను ప్రారంభించారు. ఈశాన్య ఋతుపవనాల వలన కొద్ది రోజులకే దానిని నిలిపివేశారు. 2024 ఆగస్టులో 'శివగంగై' అను ఓడతో సేవ తిరిగి మొదలై, నవంబరులో ఆగి, 2025 ఫిబ్రవరిలో మరల సాగింది. సుమారు 110 కి.మీ. గల ఈ దూరానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది.

రామగుండం నుండి

రాముడు ఇక్కడ బస చేశాడని, 'రాముని గుండాలు' అను నీటి గుంటల వలన ఊరికి ఈ పేరు వచ్చిందని స్థానికుల నమ్మకం. లంకకు వెళ్ళదలచిన నేటి ప్రయాణికునికి మాత్రం ఊరిలో రైల్వే స్టేషను ఉన్నది, ప్రయాణికుల విమానాలు లేవు. విమానమెక్కాలన్నా ముందు శంషాబాదు చేరవలసిందే. ఓడకైతే రైలులో చెన్నై మీదుగా నాగపట్టణం వెళ్ళాలి. కాంకేసంతురైలో దిగిన తరువాత కొలంబోకు ఇంకను సుమారు 400 కి.మీ. భూమార్గం ఉంటుంది. కనుక కొలంబో వెళ్ళేవారికి ఓడ వలన సమయం కలిసిరాదు. జాఫ్నా ప్రాంతం చూడదలచినవారికే అది అనుకూలం. గోదావరిఖని గని కార్మికుని వలె లెక్కపెట్టిన సెలవుపై బయలుదేరేవారు అక్టోబరు - డిసెంబరు నెలలను వదులుకోవడం మంచిది. సముద్రం బాగులేక ఓడ రద్దయితే ఆ సెలవు రేవులోనే గడిచిపోతుంది. విమానానికి వలెనే ఓడకు కూడా పాస్‌పోర్టు, శ్రీలంక ప్రవేశ అనుమతి తప్పనిసరి. వాటి తనిఖీ రేవులోనే జరుగుతుంది.