తాకట్టు పొలము: ఎవరి బాకీ ముందు?

నాగావళి ఒడ్డున ఒక రైతునకు మూడెకరముల పొలము కలదనుకొందము. అతడు 1928లో ఒక సాహుకారునకు ఆ పొలము తాకట్టు పెట్టి, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి 500 రూపాయలు తెచ్చెను. 1934లో అదే పొలము మీద వేరొకరి వద్ద మరి 200 రూపాయలు తెచ్చెను. పంటలు తప్పినవి, ధరలు పడిపోయినవి. పదేండ్లలో సాహుకారునకు 700 రూపాయలు చెల్లించినను, వడ్డీని ఏటేట అసలులో కలుపుటచే బాకీ 900 దాటినది. పొలము వేలమునకు వచ్చి 800 రూపాయలు పలికినచో ఆ సొమ్ము ఎవరికి చెందవలెను?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పు సూత్రము సులభము. ముందు వ్రాసిన తనఖాకు ముందు హక్కు. దాని అసలు, వడ్డీ తీరిన పిమ్మట మిగిలినదే రెండవ ఋణదాతకు. ఈ లెక్కలో ఆ రెండవవానికి దమ్మిడీ దక్కదు. రైతునకు పొలము పోవును, బాకీయును మిగులును.

ఆనాడు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో, చెన్నరాష్ట్రములో నుండెడివి. రాజాజీ మంత్రివర్గము తెచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము 1938 మార్చి 22న అమలులోనికి వచ్చెను. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీలపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ యంతయు రద్దయ్యెను. అసలునకు రెండింతలు చెల్లించియున్నచో బాకీయే తీరినట్లు. పత్రము ఎన్నిమారులు తిరుగవ్రాసినను, చేతికిచ్చిన సొమ్మే అసలు.

మన రైతు చెల్లించినది 700. రెండింతలకు తక్కువైనది 300. తరువాతి స్వల్పవడ్డీని విడిచినచో అతడు సాహుకారునకు ఈయవలసినది అంతే. ఇపుడు రెండవ ఋణదాతకును సొమ్ము అందును, రైతునకును కొంత మిగులును. బాకీల వరుస మారలేదు. ముందు నిలిచిన బాకీ తగ్గినది.

అందరి బాకీలును తగ్గలేదు. ప్రభుత్వమునకు, సహకార సంఘములకు చెల్లవలసినవి యథాతథముగా నిలిచినవి. వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన చిన్న బాకీకిని మినహాయింపు కలదు. ఆమెకు ఆ పత్రమే జీవనాధారము గదా! నమ్మి యిచ్చిన సొమ్మునకు ఇదా ఫలమని ఋణదాతలు అడిగిరి. ఇకమీదట అప్పు పుట్టునా యని రైతులును అనుమానించిరి. ఆ రెండు ప్రశ్నలును త్రోసివేయదగినవి కావు.

నేటికిని మొదటి సూత్రము మారలేదు. కావున తాకట్టు మీద సొమ్మిచ్చువారు ముందుగా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు తీసికొని, తమకంటె ముందెవరున్నారో చూచుకొనవలెను. అప్పు తీర్చువారు ప్రతి చెల్లింపునకు రసీదు దాచుకొనవలెను. ఆ 700 రూపాయలకు రసీదులే లేకున్నచో మన రైతును ఏ చట్టము కాపాడగలదు?