బొటనవేలంత బొమ్మలో రెండేళ్ళ కష్టం

ఈ ఎపిసోడ్‌లో మా మేనల్లుడి వీడియో గేమ్ గురించి మాట్లాడుతూ కవరు బొమ్మ సంగతి సగంలో వదిలేశాను. అది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. మనలో పగలు డ్యూటీ చేసి రాత్రిళ్ళు సొంతంగా గేమ్ చేసుకునే కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుంది.

మావాడి గేమ్ గోదావరి వరద మీద. చీకటి రాత్రి, నీళ్ళు పెరుగుతుంటాయి. కల్లు గీసే మనిషి మోకు కట్టుకుని ఒక్కో తాడిచెట్టూ ఎక్కుతూ లంక దాటాలి. రెండేళ్ళ పాటు పని నుంచి వచ్చాక కూర్చుని చేశాడు. ఆట నిజంగా బాగుంది. కవరు కూడా కంప్యూటర్ తెర నిండా పెట్టి చూపిస్తే బ్రహ్మాండంగానే ఉంది. గుడి గోపురం, పడవలు, ఊరు, ముసలమ్మ, కుక్క, మెరుపులు, ఓ మూల హీరో.

"ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు.

"ఫోన్‌లో చూపించరా" అన్నాను.

ఫోన్‌లో చూస్తే బురదనీళ్ళలా ఉంది. గేమ్ పేరు కూడా చదవలేకపోయాం. మర్నాడు సైట్‌లో లంచ్ టైమ్‌లో ఆరుగురికి చూపించి, "ఇది దేని గురించి?" అని అడిగాను. ఒకడు దేవుడి సినిమా అన్నాడు. ఇంకొకడు రెస్టారెంట్ యాడ్ అన్నాడు. వరద అన్నవాడు ఒక్కడూ లేడు.

అసలు ఎంత సైజులో కనిపిస్తుంది?

చిన్న గేములు ఎక్కువగా అమ్ముడయ్యే చోటు స్టీమ్. దాన్ని నడిపేది వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూలో ఉన్న వాల్వ్ కంపెనీ. స్టోర్‌లో పెట్టే కవరు బొమ్మని వాళ్ళు క్యాప్సూల్ అంటారు. ఒకటి ఇస్తే సరిపోదు, ఒకే బొమ్మని రకరకాల కొలతల్లో ఇవ్వాలి. హెడర్ 920 బై 430 పిక్సెల్స్, మెయిన్ 1232 బై 706, నిలువుది 748 బై 896, చిన్నది 462 బై 174. ఆ చిన్నదాన్ని స్టోర్ మళ్ళీ తగ్గించి 120 బై 45 దాకా తెస్తుంది. అంటే దాదాపు మన బొటనవేలి గోరంత. ఆ గోరంత బొమ్మకి పైనా కిందా వేరేవాళ్ళ గేములు వరసగా ఉంటాయి. చూసేవాడు వేలితో జరుపుకుంటూ పోతుంటాడు.

అందుకే చిన్న క్యాప్సూల్‌లో పేరే దాదాపు మొత్తం చోటు నిండాలి. పెద్ద బొమ్మని అలాగే కుదించి పెట్టేస్తే పని జరగదు. ప్రతి కొలతకీ బొమ్మని మళ్ళీ సర్దుకోవాలి. నిలువు దాంట్లో చెట్టు నిటారుగా నిలబడుతుంది, అడ్డం దాంట్లో అదే చెట్టుని ఓ పక్కకి జరిపి పేరుకి చోటు ఇవ్వాలి.

ఇంకో నిబంధన కూడా గుర్తుపెట్టుకోండి. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్యాప్సూల్ మీద గేమ్ బొమ్మ, గేమ్ పేరు, ఉపశీర్షిక ఉంటే అది, అంతే. రివ్యూ మార్కులు, అవార్డు గుర్తులు, "50 శాతం తగ్గింపు" లాంటి రాతలు ఉండకూడదు. మావాడు మూల మీద ఎర్ర చుక్క పెట్టి "డెమో ఫ్రీ" అని రాశాడు. అది తీయించాను.

సైట్ బోర్డు నేర్పిన పాఠం

గేముల సంగతి నాకు తెలియదు గానీ బోర్డుల సంగతి తెలుసు. ఓషా నిబంధనల్లో ప్రమాద ట్యాగుల మీద "డేంజర్" లాంటి ముఖ్యమైన మాట కనీసం 5 అడుగుల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలని రాసి ఉంది. ఎందుకంటే చేతిలో బరువుతో నడిచేవాడు ఆగి చదవడు. మొదట రంగు, తర్వాత ఆకారం, ఆఖర్న మాట. ఒకే బోర్డు మీద పది జాగ్రత్తలు రాస్తే ఒక్కటీ ఎవరి బుర్రకీ ఎక్కదు.

కవరూ అంతే. స్టోర్‌లో తిరిగేవాడు కూడా నడుస్తున్నవాడే. వాడికి ఒక్క సంగతే చెప్పగలం. ఏ సంగతి చెప్పాలో తేల్చుకోవడమే అసలు డిజైన్, బొమ్మ గీయడం తర్వాతి మాట.

మన సినిమా పోస్టర్ల వాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. పాలకొల్లు నుంచి వెళ్ళిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి "సాక్షి"తో మొదలుపెట్టి పెద్ద పోస్టర్ డిజైనర్ అయ్యారు, "సినిమా పోస్టర్" అని పుస్తకమూ రాశారు. పాత పోస్టర్లు చూడండి. బస్సులో పోతూ గోడ మీద అక్షరాల వంపు చూస్తేనే అది పౌరాణికమో, హాస్యమో, కొట్లాటో తెలిసిపోయేది. గేమ్ పేరు అక్షరాలు కూడా అలా మాట్లాడాలి.

పేరు మంచిదైతే సగం పని అదే చేస్తుంది. 2013లో అమెరికన్ లూకస్ పోప్ చేసిన గేమ్ పేరు "పేపర్స్, ప్లీజ్". మీరు అందులో సరిహద్దు దగ్గర కాగితాలు తనిఖీ చేసే ఆఫీసరు. ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డ మనలాంటి వాళ్ళకి ఆ రెండు మాటల తర్వాత ఇంకేం వివరించాలి?

కవరు అబద్ధం చెప్పకూడదు

1977లో కాలిఫోర్నియా కంపెనీ అటారీ ఇంటి టీవీకి పెట్టుకునే గేమ్ మెషీన్ తెచ్చింది. అట్టపెట్టెల మీద అద్భుతమైన పెయింటింగులు ఉండేవి, టీవీలో చూస్తే నాలుగు చదరాలు కదిలేవి. తర్వాత జపాన్ గేమ్ మెగా మ్యాన్ 1987లో అమెరికాకి వచ్చినప్పుడు ఇక్కడి పెట్టె మీద ఓ పెద్దమనిషి చేత్తో పిస్తోలు పట్టుకుని ఉంటాడు. ఆటలో హీరో చిన్న రోబో కుర్రాడు, వాడి చెయ్యే తుపాకీ. ఆ కవరుని ఇప్పటికీ జనం చెప్పుకుని నవ్వుతారు.

అప్పుడు పెట్టె కొన్నాక చేసేదేం లేదు. ఇప్పుడు స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కవరులో యుద్ధం చూపించి లోపల చెట్లెక్కిస్తే, యుద్ధం కోసం వచ్చినవాడు డబ్బు వెనక్కి తీసుకుని, తిట్టి మరీ వెళ్తాడు. చెట్లెక్కే ఆట కావాలనుకున్నవాడు మాత్రం అసలు లోపలికే రాడు.

బొమ్మ వేయించుకునేటప్పుడు

మావాడు మొదట ఆన్‌లైన్‌లో ఒకాయనకి 300 డాలర్లు పంపాడు. ఏ గేమ్‌కైనా అతుక్కునే కత్తి వీరుడి బొమ్మ వచ్చింది. తప్పు సగం మావాడిది. "బాగా వెయ్యండి" అన్నాడు తప్ప ఏం కావాలో చెప్పలేదు. డ్రాయింగ్ ఇవ్వకుండా గోడ కట్టమంటే అంతే మరి.

మీరు ఇవ్వాల్సినవి ఇవి: ఆటగాడు ఎక్కువసేపు చేసే పని ఏంటో ఒక్క వాక్యంలో, ఆటలోంచి తీసిన నాలుగు తెరలు, పైన చెప్పిన కొలతలు, అదే రకం గేముల కవర్లు కొన్ని. ముందు పెన్సిల్ స్కెచ్ అడగండి, దాన్ని గోరంత చేసి చూశాకే రంగులు వేయించండి. పేరు ఒక పొర, మనిషి ఒక పొర, వెనక దృశ్యం ఒక పొరగా విడివిడి ఫైలు తీసుకోండి, లేకపోతే వేరే కొలతలకి సర్దలేరు. హక్కులు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. ఏఐతో చేయించిన బొమ్మ అయితే స్టీమ్‌కి ఆ సంగతి చెప్పాలి, 2024 జనవరి నుంచి ఆ నిబంధన ఉంది.

ఖర్చు లెక్క కూడా వినండి. గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, అమ్మకం 1,000 డాలర్లు దాటితే అది వెనక్కి వస్తుంది. విడుదలకి కనీసం రెండు వారాల ముందు నుంచి పేజీ జనానికి కనిపించాలి. కాబట్టి కవరుని ఆఖరి రాత్రికి వదలకండి. మావాడికి గ్రీన్ కార్డు ఉంది. మీరు వర్క్ వీసా మీద ఉంటే అమ్మకానికి పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. గేమ్ కోసం స్టేటస్ పోగొట్టుకోవద్దు.

చివరికి ఏం మిగిలింది

గుడి తీసేశాం. పడవలు తీసేశాం. కుక్కని తీసేటప్పుడు మావాడు చాలా బాధపడ్డాడు. దానికి నడక నేర్పడానికి నెల పట్టిందట. "కుక్క ఆటలో ఉందిగా రా, ఎక్కడికీ పోలేదు" అన్నాను. ఇప్పుడు కవరులో ఒక్క తాడిచెట్టు, మోకు మీద వెనక్కి వాలిన మనిషి, కాళ్ళ కిందే నీళ్ళు. ముదురు నీలం చీకట్లో అతని లాంతరు ఒక్కటే పసుపు. పేరు నాలుగు మాటల నుంచి ఒక మాటకి తగ్గింది.

అదే ఆరుగురికి మళ్ళీ చూపించాను. హోండురాస్ నుంచి వచ్చిన మా కార్పెంటర్ ఫోన్ తీసుకుని కాసేపు చూశాడు. "నీళ్ళొస్తున్నాయి. పాపం, ఇంకా పైకి చెట్టు ఉందా?" అని అడిగాడు.

వాడికి తెలుగు రాదు, గోదావరి తెలియదు. ఆ ప్రశ్న అడిగించడానికే కవరు.