భోగి మంటలో టైరు వేస్తే ఏమవుతుంది? పాత టైరు బాధ్యత ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో భోగి అంటే దుంగలు, పిడకలు. కానీ మంట బాగా లేవాలని కొన్నిచోట్ల పాత టైర్లు కూడా వేసేస్తున్నారు. అది ఎందుకు వద్దో తెలియాలంటే, ముందు టైరులో ఏముందో చూద్దాం.

టైరంటే చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరు ఒక్కటే కాదు. పెట్రోలియం నుంచి తీసే సింథటిక్ రబ్బరు, కార్బన్ బ్లాక్, గంధకం, జింక్ ఆక్సైడ్, స్టీలు తీగ కూడా ఉంటాయి. అన్నీ కలిపి అచ్చులో పెట్టి వేడి చేస్తారు. దీన్నే వల్కనైజేషన్ అంటారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. గంధకం రబ్బరు గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది. అందుకే టైరు గట్టిగా ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ బకెట్‌లా కరిగించి మళ్లీ పోయలేం. కాలిస్తే మసి, సల్ఫర్ డయాక్సైడ్, బెంజీన్ గాల్లో కలుస్తాయి. బెంజీన్ క్యాన్సర్ తెచ్చేది. మంట చుట్టూ నిలబడేది ఎవరు? మన పిల్లలు, మన పెద్దోళ్లే కదా!

మరి బాధ్యత ఎవరిది? 2022 జులైలో కేంద్రం టైర్లకు ఈపీఆర్ రూల్స్ తెచ్చింది. అంటే, టైరు అమ్మేయడంతో కంపెనీ పని అయిపోదు. 2022-23లో తయారుచేసిన టైర్ల బరువుకి సమానంగా 2024-25లో రీసైక్లింగ్ చేయించాలని రూలు పెట్టారు. రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని లెక్క చూపించాలి. పాత టైరుని పొడి చేసి తారు రోడ్లలో వాడొచ్చు, రీక్లెయిమ్డ్ రబ్బరు చేయొచ్చు. గాలి తగలకుండా వేడి చేసి నూనె కూడా తీస్తారు. దాన్ని పైరోలిసిస్ అంటారు. అది సరిగ్గా చేయకపోతే చుట్టుపక్కల ఊరికే పొగ, మసి.

ఇది ఎక్కడో దూరం విషయం కాదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల ఏటీసీ టైర్ల ఫ్యాక్టరీ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. మనోళ్లకి ఉద్యోగాలొస్తే మంచిదే. అయితే ఏ టైరు ఫ్యాక్టరీలో చేరినా మూడు అడగండి: కార్బన్ బ్లాక్ దుమ్ముకి మాస్కు ఇస్తారా? వేడి, పొగ బయటికి లాగే ఏర్పాటు ఉందా? కాంట్రాక్టు వాళ్లకీ ఈఎస్ఐ, పీఎఫ్ కడతారా?

మన వంతు కూడా ఉంది. టైరు మార్చినప్పుడు పాతది షాపులోనే ఇచ్చేయండి. పెరట్లో పడేస్తే అందులో వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. ఈసారి భోగికి మీ వీధిలో ఎవరైనా టైరు దొర్లించుకొస్తే, ఈ వీడియో చూపించి ఆపండి. దుంగలు చాలు, మంట బాగానే లేస్తుంది!