ఆరువేల సీట్ల ఊరి అరుగు!

జోర్డాన్ అనగానే అందరికీ పెట్రానే గుర్తొస్తుంది. రాజధాని అమ్మాన్‌లో విమానం దిగి నేరుగా అటే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం పాత ఊళ్లో ఉన్న రోమన్ థియేటర్ కోసం ఓ సాయంత్రం మొత్తం ఉంచుకున్నా.

కొండ వాలునే ఆసరా చేసుకుని మెట్లు మెట్లుగా కట్టేశారు దీన్ని. రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ కాలం... అంటే క్రీ.శ. 138-161 మధ్య అన్నమాట. అప్పట్లో ఈ ఊరి పేరు ఫిలడెల్ఫియా. దాదాపు 6,000 మంది కూర్చోవచ్చు. ప్రేక్షకుల కళ్లలో ఎండ పడకుండా థియేటర్‌ని ఉత్తరం వైపు తిప్పి కట్టారు. ఎంత ముందుచూపో చూడండి!

మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. పై వరుసకి చేరేసరికి నాకు ఆయాసం వచ్చేసింది. కింద వేదిక మధ్యలో ఎవరో చప్పట్లు కొడితే అక్కడిదాకా స్పష్టంగా వినిపించింది. మైకూ లేదు, స్పీకరూ లేదు!

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం దీని తర్వాతి కథ. ఒకప్పటి ఈ నగరం కొన్ని శతాబ్దాలు శిథిలాలుగానే మిగిలిపోయింది. 1878లో, కాకసస్ నుంచి నిర్వాసితులైన సర్కాసియన్లు ఇక్కడికి చేరారు. వాళ్లలో కొందరికి తొలి గూడు ఈ థియేటర్ కమాన్లే. అలా మళ్లీ మొదలైన ఊరే ఇప్పటి మహానగరం.

ఇప్పుడు ఇక్కడ సంగీత కచేరీలు జరుగుతాయి. వేదికకి రెండు పక్కలా చిన్న మ్యూజియాలున్నాయి. ముందున్న హాషిమైట్ ప్లాజాలో సాయంత్రమైతే చాలు... బంతాడే పిల్లలు, కబుర్లు చెప్పుకునే పెద్దాళ్లు, సెల్ఫీల కుర్రాళ్లు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర చేరినట్టే!

అదంతా చూస్తుంటే మన నాగార్జునకొండే గుర్తొచ్చింది. అక్కడా ఇక్ష్వాకుల కాలంనాటి ప్రేక్షకశాల బయటపడింది. సాగర్ నీళ్లలో లోయ మునిగిపోతుందని దాన్ని అనుపులో తిరిగి నిర్మించారు. అలా కట్టడమైతే దక్కింది కానీ, దాని చుట్టూ ఉండాల్సిన ఊరు లేదు. అందుకే అక్కడికి మనం చుట్టపుచూపుగా వెళ్లొస్తాం, అంతే.

పాత రాళ్లకి కంచె వేసి కాపాడితే సరిపోదు, వాటి మీద కూర్చునే జనం కూడా కావాలని అమ్మాన్‌లో అర్థమైంది. అనుపు మెట్ల మీద కూడా వెన్నెల రాత్రుల్లో నాటకాలు ఆడితే ఎంత బాగుంటుంది! టికెట్ కొనడానికి నేను రెడీ. మరి మీరు?