ముందు నొక్కింది ఎవరు?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు సైదాబాద్‌లోని మా ఇంట్లో టీవీ బంద్ చేస్తాం. క్విజ్ మొదలవుతుంది. ఆడేది ఐదుగురం. నేనూ నాయనమ్మా హాల్లో సోఫా మీద ఉంటాం. కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్న మేనల్లుడు మంచం మీద బోర్లా పడుకుని ఆడతాడు. ఎల్బీనగర్‌లో చెల్లెలు వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఆడుతుంది. బాబాయి కొడుకు డాలస్‌లో, పొద్దుటి కాఫీ తాగుతూ ఉంటాడు. అందరికీ ప్రశ్న ఒకటే, తెరలే వేరు.

ఈమధ్య ఒక ఆదివారం పంచాయితీ వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని చెక్కింది ఎవరన్నది ప్రశ్న. జవాబు బెంజోని. అది ఇద్దరికీ తెలుసు. "నేనే ముందు నొక్కిన!" అన్నాడు హాస్టల్ వాడు. "నేను నొక్కినాకే నా ఫోన్ల నీ పేరు వెలిగిందిరా" అన్నాడు డాలస్ వాడు. ఇద్దరిలో అబద్ధమాడింది ఎవరూ లేరు. అదెలా సాధ్యమో తెలియాలంటే బజర్ కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

రేకుముక్క పాట

బజర్ పుట్టింది ప్రశ్నల కోసం కాదు. 1831లో అమెరికాలోని ఆల్బనీలో పాఠాలు చెప్పుకుంటున్న జోసెఫ్ హెన్రీ, మైలుకు పైగా పొడవున్న తీగను గది చుట్టూ తిప్పి, ఒక కొసన బ్యాటరీ కలిపి, రెండో కొసన విద్యుదయస్కాంతంతో గంట మోగించి చూపించాడు. వేలు ఇక్కడ, మోత అక్కడ. తర్వాత వచ్చిన బజర్‌లో కిటుకంతా ఒక ఇనుప రేకుది. కరెంటు రాగానే అయస్కాంతం రేకును లాగుతుంది. రేకు కదిలిందంటే తనకు కరెంటు వచ్చే దారిని తానే తెంపుకున్నట్టు. అయస్కాంతం పట్టు వదులుతుంది, రేకు వెనక్కొచ్చి మళ్లీ అతుక్కుంటుంది, మళ్లీ లాగుడు. సెకనులో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. పాత కాలింగ్ బెల్ చేసే 'జుయ్' చప్పుడు ఆ రేకు వణుకే.

ఈ మోతను ఆటలోకి తెచ్చినవాటిలో రేడియో ఒకటి. చేతులెత్తితే శ్రోతలకు కనబడదు కదా. 1953లో అమెరికా ఎన్‌బీసీ రేడియోలో కాలేజ్ బౌల్ మొదలైంది. ముందు మోగించిన జట్టుకే జవాబు చెప్పే హక్కు. మన దేశంలో 1972లో బోర్న్‌విటా క్విజ్ రేడియోలో వినిపించింది. అదే ఏడాది హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు పుట్టింది. దేశంలోని పాత క్విజ్ క్లబ్బుల్లో అదొకటి. 1985లో సిద్ధార్థ బసు క్విజ్ టైమ్‌తో ఆట దూరదర్శన్‌కెక్కింది.

తలుపు మూసే పెట్టె

ఉత్త మోతతో పని జరగదు. ఇద్దరు నొక్కితే రెండూ మోగుతాయి. ముందెవరో చెవి తేల్చలేదు. కాబట్టి క్విజ్ బజర్ చేయాల్సిన అసలు పని మోగడం కాదు, మొదటివాడు నొక్కగానే మిగతావాళ్లను మోగనివ్వకుండా ఆపడం.

మా బడి వార్షికోత్సవానికి అలాంటి పెట్టెను మా వీధిలోని ఇంజనీరింగ్ అన్న చేసిచ్చాడు. సామాను కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాం. ఆరు కాలింగ్ బెల్ బటన్లు, ఒక అంకె వెలిగే డిస్‌ప్లే, చిన్న బజర్, గజాల కొద్దీ వైరు, 74ఎల్‌ఎస్‌373 అనే చిప్పు కొన్నాం. చిప్పు చిటికెన వేలంత కూడా లేదు. అందులో ఎనిమిది గదులున్నాయనుకోండి. అన్నిటికీ తలుపు ఒకటే. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఏ బటన్ నొక్కితే ఆ గదిలో దీపం వెలుగుతుంది. ఏ ఒక్కటి వెలిగినా, ఆ వెలుగే వెళ్లి తలుపు మూసేస్తుంది. ఆ తర్వాత బటన్ మీద ఎంత గుద్దినా లోపలికి కబురు పోదు. క్విజ్‌మాస్టర్ రీసెట్ నొక్కితేనే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ఇదంతా జరగడానికి చిప్పుకు పట్టేది సెకనులో కోట్ల వంతుల్లో కొన్ని. రెప్పపాటు దానికి ఒక యుగం.

ఒకసారి వెలిగితే వెలిగినట్టే ఉండే ఈ గుణానికి ముత్తాత 1918 నాటిది. విలియం ఎక్లీస్, ఎఫ్.డబ్ల్యూ. జోర్డాన్ అనే ఇద్దరు ఇంగ్లండువాళ్లు రెండు వాక్యూమ్ ట్యూబులను ఎదురెదురుగా కలిపి, ఒకటి పనిచేస్తుంటే రెండోది ఆగిపోయేలా చేశారు. బయటినుంచి తోస్తే తప్ప ఆ స్థితి మారదు. ఎలక్ట్రానిక్ యంత్రానికి జ్ఞాపకం వచ్చింది అక్కడే. ఇలాంటి అమరికనే ఫ్లిప్‌ఫ్లాప్ అంటారు. ఈరోజు మీ ఫోన్ ప్రాసెసర్‌లో లెక్కలేనన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఉన్నాయి. మా పెట్టెలో ఉన్నవీ ఆ వంశంలోవే.

తేల్చుకోలేని క్షణం

మరి ఇద్దరూ సరిగ్గా ఒకేసారి నొక్కితే? ఎవరో ఒకరు వెంట్రుకవాసి ముందుంటారులే అనుకుంటాం. చాలాకాలం ఇంజనీర్లూ అలాగే అనుకున్నారు. 1973లో థామస్ చేనీ, చార్లెస్ మోల్నార్ ప్రయోగాలతో వేరే సంగతి చూపించారు. రెండు సంకేతాలూ మరీ దగ్గరగా వస్తే ఫ్లిప్‌ఫ్లాప్ అటూ కాక ఇటూ కాక మధ్యలో నిలబడిపోగలదు. నిట్టనిలువుగా నిలబెట్టిన పెన్సిల్ లాగా. ఎటో ఒకవైపు పడుతుంది, ఎంతసేపట్లో పడుతుందన్న గ్యారంటీ మాత్రం లేదు. పెన్సిల్ మరింత తొందరగా పడేలా చిప్పును తయారుచేయగలం, ఆ అవకాశాన్ని దాదాపు సున్నాకు తేగలం. పూర్తిగా తీసేయలేం. ముందెవరో ప్రతిసారీ, చెప్పిన గడువులోగా తేల్చే యంత్రం ఉండదు. 'ఈ ప్రశ్న రద్దు' అనే క్విజ్‌మాస్టర్ మాట చిప్పు చేతకానితనాన్ని కప్పే మర్యాద.

తీగ పొడవైతే

మా పెట్టెకు ఆరు వైర్లూ ఒకే పొడవు. పంచాయితీ వచ్చిన ఆటలో వైర్ల పొడవులు చూడండి. క్విజ్ సర్వరు ముంబైలో ఉందనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అక్కడికి కొన్ని వందల కిలోమీటర్లు. డాలస్ నుంచి ఎంత దగ్గరిదారి పట్టుకున్నా దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. సముద్రం అడుగు కేబుళ్ల వంకర దారులు, మధ్యలోని రూటర్ల మజిలీలు కలిస్తే ఇంకా ఎక్కువ.

ప్రశ్న వెళ్లాలి, నొక్కుడు తిరిగి రావాలి. దెబ్బ రెండుసార్లు. ప్రశ్న కనబడ్డాక డాలస్ వాడు సెకనులో ఐదోవంతుకే నొక్కాడనుకోండి, అంటే 200 మిల్లీసెకన్లు. రానూపోనూ 140 కలిస్తే ఆ కబురు 340కి చేరుతుంది. హాస్టల్ వాడు తాపీగా 300కి నొక్కినా, 20 కలిపి 320కే సర్వరు తలుపు తట్టేస్తాడు. తలుపు మూసుకుంటుంది. వెలుగు కనబడగానే వేలు కదపడానికి మనిషికి పట్టే సమయం కూడా దాదాపు ఐదోవంతు సెకనే. కాబట్టి దేశాలు దాటిన ఆటలో గెలిచేది మెదడా, కేబులా చెప్పడం కష్టం. ఇద్దరూ నిజమే చెప్పడమంటే ఇదే.

గంట పోయి గడియారం వచ్చింది

దీనికి ఒక విరుగుడు గడియారాలన్నిటినీ ఒక్కటి చేయడం. 1985లో అమెరికాలో డేవిడ్ మిల్స్ నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్‌ను బయటపెట్టాడు. పద్ధతి ఉత్తరాల లెక్క లాంటిది. తేదీ ఎంతని ఊరికి ఉత్తరం రాశారు. జవాబు 8 రోజులకు వచ్చింది. అక్కడ 2 రోజులు ఆగిందని అందులోనే రాసి ఉంది. ప్రయాణం 6 రోజులు, సగం 3. జవాబులోని తేదీకి 3 కలిపితే ఇవాళ్టి తేదీ తెలుస్తుంది. పోయే దారి, వచ్చే దారి సమానం కాకపోతే ఆ మేరకు తప్పు మిగులుతుంది.

రెండో విరుగుడు ఇంకా తేలిక. ముందెవరన్న ప్రశ్నే మానేసి, ఎవరికెంతసేపు పట్టిందని అడగడం. కౌన్ బనేగా కరోడ్‌పతి 2000లో నేర్పిన, 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు'లో తెలుగిళ్లు చూసిన వేళ్ల పరుగు ఇలాంటిదే. తలుపు మూయరు, సరైన జవాబుల్లో ఎవరికి తక్కువ సమయం పట్టిందో చూస్తారు. ఫోన్‌లోనైతే ప్రశ్న కనబడిన క్షణం నుంచి వేలు తగిలే క్షణం దాకా ఆ ఫోనే కొలిచి, అంకెను సర్వరుకు పంపితే చాలు. సముద్రం లెక్కలోకి రాదు.

2013లో నార్వేలో మొదలైన కహూట్ ఈ కొలతను మార్కులుగా మార్చింది. పూర్తి మార్కులు 1000. గడువు ముగిసేవేళకు చెప్పినా సగం దక్కుతుంది. 20 సెకన్ల ప్రశ్నకు 4 సెకన్లలో చెబితే 900, 12 సెకన్లు తీసుకుంటే 700. 2017లో వచ్చిన హెచ్‌క్యూ ట్రివియా వేగాన్నే వదిలేసింది. లక్షలమంది ఆడుతుంటే మొదటివాడెవడని ఎక్కడ వెతుకుతారు? పది సెకన్లలోపు సరిగ్గా చెప్పినవాళ్లంతా ఆటలో మిగిలేవాళ్లు, అంతే.

మన క్విజ్ క్లబ్బులవాళ్లది మరో దారి. తమ వంతు రాకముందే ధైర్యంగా చీటీ మీద జవాబు రాసిచ్చే పద్ధతిని 'పౌన్స్' అంటారు. 2020 లాక్‌డౌన్‌లో హాళ్లు మూతబడ్డప్పుడు ఆ చీటీ చాట్ పెట్టెలోకి మారింది. బజర్ మీద ఆధారపడని ఆట కాబట్టి నెట్‌లోకి పెద్ద నష్టం లేకుండా వచ్చేసింది.

మా ఇంట్లో పంచాయితీ తేల్చింది నాయనమ్మ. "నాకు ఎరుకే బిడ్డా, గని అద్దాలు పెట్టుకునే సరికి అయిపాయె" అంది ఆ రాత్రి. మూడు ఆదివారాల కిందట వేగం మార్కులు తీసేశాం, గడువు 30 సెకన్లు చేశాం. మొన్న 20 ప్రశ్నల్లో ఆమెవి 14 సరైనవి. నాకంటే రెండు ఎక్కువ.

మీరూ ఆట పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. అందరూ ఒకే గదిలో ఉంటే తలుపు మూసే బజర్ పెట్టండి, దానంత మజా మరొకటి లేదు. దేశాలు దాటితే ఎవరి గడియారం వారికే ఇవ్వండి. ఇంట్లో కళ్లద్దాలు వెతుక్కునేవాళ్లుంటే వేగం మార్కులు తీసేయండి.